ఫేజ్ టూలో బ్రేకులు

మొన్న దసరాకి ఊరెళ్ళినప్పుడు మా బాబాయిగారి అబ్బాయి కొత్త కారు కొన్నాడని అందరం ద్వారకా తిరుమల వెళ్ళాం. మా వైపు ఏ బండి కొన్నా చిన్న తిరుపతి వెంకన్న దగ్గర పూజ చేయించనిదే ఇంటికి తీసుకెళ్ళరు. టైర్ల కింద నిమ్మకాయలు పెడుతుంటే మా వెనకాల ఒక వింత వాహనం వచ్చి ఆగింది. ముందు సగం మోటార్ సైకిలు, వెనక సగం రెండు చక్రాల తొట్టి. తొట్టిలో కడిగి బోర్లించిన ప్లాస్టిక్ టబ్బులు. కొల్లేరు వైపు చేపలు మోసే బండి అన్నమాట. పంతులుగారు మా కారుకి పెట్టినంత శ్రద్ధగానూ దానికీ బొట్టు పెట్టారు.

"దీనికి ఆర్టీవో దగ్గర రిజిస్ట్రేషన్ లేదు గానీ దేవుడి దగ్గర అయిపోయిందిరా" అని బాబాయి జోకేస్తే అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో చివర్లో చెప్తాను.

రెండో ప్రపంచ యుద్ధం పిచ్చి నాకు కాలేజీ రోజుల్నించీ ఉంది. ఈ మధ్య నార్వే గురించి చదువుతున్నాను. 1940 ఏప్రిల్ 9న జర్మనీ ఆ దేశం మీద పడింది. మేం తటస్థులం, మా జోలికి ఎవరొస్తారులే అని నార్వే వాళ్ళు 1930లలో సైన్యం మీద ఖర్చు బాగా తగ్గించేసుకున్నారు. తీరా నెత్తి మీద విమానాలు తిరుగుతుంటే, వాటిని కొట్టే ఫిరంగులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఏం చేస్తారు? ఉన్న తుపాకుల్ని దొరికిన లారీల మీద బిగించుకున్నారు. వాళ్ళ దగ్గర కోల్ట్ ఎం/29 అనే మెషిన్ గన్ ఉండేది. 7.92 మిల్లీమీటర్లది, నీళ్ళతో చల్లబరిచే రకం. అలాంటివాటితోనే ఆకాశం మీద యుద్ధం.

సాయానికొచ్చిన ఇంగ్లీషు వాళ్ళదీ అదే అవస్థ. దిగడానికి విమానాశ్రయం లేక, ఏప్రిల్ 24న 18 గ్లాడియేటర్ విమానాల్ని గడ్డకట్టిన లెస్యాస్కోగ్ సరస్సు మీద దింపారు. మన కొల్లేరు మీద రన్‌వే వేసినట్టు ఊహించుకోండి! తెల్లారేసరికి కార్బురేటర్లు గడ్డకట్టి ఇంజన్లు ఓ పట్టాన స్టార్టు కాలేదు. ఆ రోజు పూర్తయ్యేలోపు చాలా విమానాల్ని జర్మన్ బాంబులు నేలమీదే తగలబెట్టేశాయి. నార్వే 62 రోజులు పోరాడింది, జూన్ 10న చేతులెత్తేసింది.

ఎక్కడో నార్వే గోల మనకెందుకు అంటారేమో. సరిగ్గా రెండేళ్ళకి మనకీ అదే గతి పట్టింది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. అప్పుడు ఇండియాలో విమాన విధ్వంసక ఫిరంగులు అవసరానికి చాలా తక్కువ. ఉన్నవాటిని ఎక్కడని పెడతారు? జపాన్ వాడు వచ్చేస్తున్నాడని కోస్తా అంతా వణికిపోయిందని మా తాతయ్య చెప్పేవాడు. ఆ యుద్ధకాలపు రన్‌వే మా తాడేపల్లిగూడెంలో ఉంది. 2015లో మొదలైన నిట్ ఆ చుట్టుపక్కలే వచ్చింది. నేను స్కూటర్ నేర్చుకున్నది ఆ రన్‌వే మీదే.

సరే, అసలు విషయానికొద్దాం. లారీ మీద తుపాకీ బిగించడం వినడానికి తేలికే. నాలుగు బోల్టులు వేస్తే అయిపోతుందనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. విమానం గంటకి 300 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం, అంటే సెకనుకి 83 మీటర్లు. ఆరేడు వందల మీటర్ల దూరం వెళ్ళడానికి తూటాకి దాదాపు ఒక సెకను పడుతుంది. అంటే విమానం ఇప్పుడున్న చోటు కాదు, 80 మీటర్లు ముందున్న ఖాళీ ఆకాశాన్ని గురిపెట్టి కాల్చాలి. లేటెన్సీ కష్టాలు మనకే కాదు :)

దానికి తోడు కింద ఉన్నది లారీ. బస్తాలు మోయడానికి చేసిన స్ప్రింగులు. ప్రతి దెబ్బకీ ఊగుతాయి, గురి తప్పుతుంది. ముందు వైపు కాలుద్దామంటే క్యాబిన్ అడ్డం. మెషిన్ గన్ కాబట్టి సరిపోయింది, అదే పెద్ద ఫిరంగి అయితే వెనక్కి తన్నే తన్నుకి బండే కదిలిపోతుంది. అందుకే పద్ధతిగా తయారు చేసిన బళ్ళకి నాలుగు వైపులా కాళ్ళు దించి, జాకీల మీద నిలబెట్టి కాలుస్తారు. ఎక్కువగా ఎగిరిపోయేవి ఏంటంటే ఇవే... జాకీలు, సైనికుల ముందు నిలబెట్టే ఇనప రేకు, దూరం కొలిచే పరికరం. తుపాకీ కనబడుతుంది, ఇవి కనబడవు. కాబట్టి "తర్వాత చూద్దాం" జాబితాలోకి పోతాయి.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2022 నుంచి యుక్రెయిన్ వాళ్ళు రష్యా పంపే షాహెద్ డ్రోన్లని కొట్టడానికి పికప్ ట్రక్కుల మీద మెషిన్ గన్లు బిగించుకున్నారు. నూరేళ్ళ నాటి మాగ్జిమ్ తుపాకులు కూడా బయటికి తీశారు. చవక డ్రోన్ మీదికి కోట్ల ఖరీదు క్షిపణి వదలడం కన్నా అదే నయం. అయితే వాళ్ళు అక్కడితో ఆగలేదు. సెర్చిలైట్లు, థర్మల్ కెమెరాలు, డ్రోన్ ఎటొస్తోందో చెప్పే సమాచార వ్యవస్థ, ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోయారు. మన సైన్యం 2025 మేలో డ్రోన్ల మీద వాడిన ఎల్-70 ఫిరంగులూ 1960ల నాటివే. కానీ వాటికి కొత్త కళ్ళు పెట్టి ఉంచారు కాబట్టి పనికొచ్చాయి.

మనవాళ్ళకి జుగాడ్ అంటే మహా గర్వం. ఆఫీసులో కూడా అంతే. రాత్రి రెండింటికి ప్రొడక్షన్‌లో ఏదో స్క్రిప్టు రాసి సిస్టమ్ లేపినవాడు హీరో. ఒప్పుకుంటాను, నేనూ ఆ చప్పట్లు తిన్నవాణ్ణే. కానీ లారీ మీద తుపాకీ పెట్టినవాడి తెలివిని మెచ్చుకునే ముందు, ఆ పని అతని మీదికి ఎందుకొచ్చిందో అడగాలి కదా. ముందే చెయ్యాల్సినవాళ్ళు చెయ్యలేదు కాబట్టి. తుపాకీ పెట్టాక కూడా జాకీలు, రేకు ఎవరూ పంపకపోతే లారీ మీద నిలబడి చచ్చేది మాత్రం వాడే.

ఇప్పుడు నాకు నవ్వెందుకు రాలేదో చెప్తాను.

నేను ఇంజనీరింగ్ రెండో ఏడు చదివేటప్పుడు వేసవి సెలవులకి భీమడోలు దగ్గర మా మావయ్య వాళ్ళింటికి వెళ్ళాను. మావయ్య కొల్లేరు చేపలు కొని మెట్ట ఊళ్ళలో అమ్మేవాడు. ఆటో కొనే స్తోమత లేదు. "ఏరా అల్లుడూ, ఇంజనీరువి కదా, ఒక బండి తయారు చేద్దాం రా" అన్నాడు. పాత మోటార్ సైకిలు వెనక భాగం కోసి, పాత ఇనుము కొట్లో దొరికిన ఇరుసుతో తొట్టి అతికించాం. నాలుగు రోజుల్లో బండి తిరిగింది. ఊరంతా చూడ్డానికొచ్చారు. వెనక చక్రాలకి బ్రేకు లేదు. మావయ్యకి అనుమానం వచ్చి అడిగాడు కూడాను. నేను చాలా తెలిసినవాడిలా, "ముందు తిరగనీ మావయ్యా, బ్రేకులు తర్వాత పెడదాం" అన్నాను. సెలవులైపోయి కాలేజీకి వెళ్ళిపోయాను.

రెండు నెలలకి, మూడు టబ్బుల చేపలూ ఐసూ వేసుకుని దిగుడులో వస్తుంటే ముందు లారీ సడెన్‌గా ఆగింది. ముందు చక్రం బ్రేకు ఒక్కటీ అంత బరువుని ఆపలేదు. పామాయిల్ తోట పక్కన బోదెలోకి తిప్పేశాడు. బండి మీద పడి మోకాలు నుజ్జయింది. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

అప్పట్నుంచీ మీటింగుల్లో ఎవరైనా "అది ఫేజ్ టూలో చూద్దాం" అంటే నాకు ఆ బోదె కనబడుతుంది. ఎవరు చేస్తారు, ఏ తేదీకి చేస్తారు, చెయ్యకపోతే ఎవరి మీద పడుతుంది అని అడిగి గానీ వదలను. టీంలో నాకు ముద్దు పేరు "బ్రేకుల శాస్త్రి". పర్లేదు.

ఆ రోజు ద్వారకా తిరుమలలో పూజయ్యాక ఆ బండి కుర్రాడి దగ్గరికెళ్ళి అడిగాను.

"వెనక చక్రాలకి బ్రేకులున్నాయా తమ్ముడూ?"

"లేవండి. పండగెళ్ళాక పెట్టిద్దామనండి."

మావయ్యకి ఫోన్ కలిపి వాడి చేతికిచ్చాను. ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. మావయ్య ఏం చెప్పాడో నేను అడగలేదు. కుర్రాడు ఫోన్ తిరిగిచ్చేస్తూ, "రేపే గూడెం వెళ్ళి డ్రమ్ములున్న ఇరుసు చూసుకుంటానండి" అన్నాడు.

వెళ్ళాడనే అనుకుంటున్నాను.