విద్యావంతుల ఇంట్లో ఒక రాత్రి (పల్నాడు కబుర్లు – 17)

పోయిన వారం జాషువా పుట్టిన వినుకొండ గురించి రాస్తే యూనివర్సిటీలో చదువుకుంటున్న తమ్ముడొకడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మీ పల్నాడులో మాలలు పాడే వీరగాథ ఒకటి ఉందంట గదా, పదహారు భాగాలు రాశావు, దాని ఊసే ఎత్తవేం?" అని.

ఎత్తకపోవడానికి కారణం సిగ్గు తమ్ముడూ. ఆ పాట పాడే ఒక ఇంటికి నేను చాలా ఏళ్ళుగా బాకీ ఉన్నాను. పోయిన కార్తీకంలో ఆ బాకీ తీర్చుకుందామని వెళ్ళాను. ఇవాళ అది చెప్తాను.

1986 సంక్రాంతి. నాకు పద్దెనిమిదేళ్ళు. కారంచేడు జరిగి అప్పటికి ఆరు నెలలు. 1985 జూలై 17 తర్వాత మా హాస్టల్లో ఎవరికీ నిద్రల్లేవు. చీరాల శిబిరానికి వెళ్ళొచ్చాం, దళిత మహాసభ మీటింగుల్లో జెండాలు మోశాం. ఎవడన్నా "ఒరే" అంటే తిరిగి చూడటం అప్పుడే నేర్చుకుంటున్నాం. ఆ వేడి మీద పండక్కి ఇంటికొచ్చాను.

ఏటా కోతలయ్యాక మా పల్లెకి ఒక పెద్దయ్య వచ్చేవాడు. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో డాలు. వెనకాల పంబ కొట్టే తమ్ముడు, తాళాలాయన, తిత్తి ఊదే కుర్రాడు. వేపచెట్టు కింద మూడు రాత్రులు పల్నాటి వీరుల కథ చెప్పేవాడు. మా నాయన కుంచెడు జొన్నలు కొలిచి ఇచ్చేవాడు. ఆ యేడు రెండో రాత్రి, కథ మంచి పట్టులో ఉండగా నేను లేచి నిలబడ్డాను.

"ఎవరి కథ పెద్దయ్యా ఇది? దొరలూ దొరలూ కోడిపందెం ఆడి కొట్టుకుచస్తే, మాలోడు కత్తి పట్టుకుని ఏడవాలా? ఊరోళ్ళు విసిరేసే గింజల కోసం ఇంకెన్నాళ్ళు పాడతావు?"

పంబ ఆగిపోయింది. మా నాయన తలొంచుకున్నాడు. పెద్దయ్య పైపంచెతో మొహం తుడుచుకుని నావైపు చూశాడు. "నువ్వు చదువుకున్నోడివి నాయనా. నేనూ విద్యావంతుణ్ణే" అన్నాడు. అంతే. తెల్లారేసరికి వెళ్ళిపోయారు. మళ్ళీ మా పల్లెకి రాలేదు.

ఆ మాటకి అర్థం చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ పాట పాడేవాళ్ళని వీరవిద్యావంతులంటారు. వీరుల విద్య తెలిసినవాళ్ళు. మనవాళ్ళని బడి గడప తొక్కనివ్వని కాలంలో, మన గూడెంలోనే 'విద్యావంతులు' అనే పేరుతో ఒక బడి నడిచింది. పలకా లేదు, పుస్తకమూ లేదు. తండ్రి నోట్లోంచి కొడుకు చెవిలోకి, రాత్రుల తరబడి పాడే కథ మొత్తం. నేను ఇంటర్ సర్టిఫికెట్ చూసుకుని ఆ బడి పంతులు మీద కేకలేశాను.

పల్నాడు బయటివాళ్ళకి ఈ కథ సినిమాగా తెలుసు. 1947లో ఒకటి, 1966లో ఒకటి, రెండూ 'పల్నాటి యుద్ధం' పేరుతోనే వచ్చాయి. 12వ శతాబ్దంలో గురజాల నలగామరాజు పక్షానికీ మాచర్ల మలిదేవుల పక్షానికీ మధ్య జరిగిన దాయాదుల పోరు. అటు మంత్రి నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. కోడిపందెం, వనవాసం, చివరికి కారెంపూడి రణం. బ్రహ్మనాయుడు అన్ని కులాలనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని, అదే చాపకూడని, మాల కన్నమదాసుని కొడుకులా చేరదీసి సేనాపతిని చేశాడని కథ. బాలచంద్రుడి వెంట చావుకి సిద్ధపడి నడిచిన తమ్ముళ్ళు కూడా తలా ఒక కులం పిల్లలు.

సినిమా చెప్పనిది ఒకటుంది. ఈ కథని ఇన్ని వందల ఏళ్ళు మోసిన గొంతులు ఎవరివో చెప్పదు. అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో శ్రీనాథుడి పేరు మీదున్న ద్విపద పల్నాటి వీరచరిత్రని అచ్చేశారు. పండితులకి అది కావ్యమైంది. పల్లెల్లో మాత్రం పాట పాటలాగే నడిచింది. 1970ల్లో జీన్ రోగైర్ అనే అమెరికా పరిశోధకుడు పల్నాడు వచ్చి అలిసెట్టి గాలెయ్య అనే మాల గాయకుడి నోటివెంట కథ రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి మార్చాడు. అది 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ క్లారెండన్ ప్రెస్ నుంచి పుస్తకంగా వచ్చింది. గాలెయ్య పేరు అందులో ఉంది. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఆ పేరు చదివిన గుర్తు మీలో ఎవరికైనా ఉందా?

ఇక్కడ కొంచెం దూరం వెళ్ళొస్తాను, ఓపిక పట్టండి.

2001లో డర్బన్‌లో జాతివివక్ష మీద ప్రపంచ మహాసభ జరిగింది. కులాన్ని కూడా అక్కడ చర్చకి పెట్టాలని దేశం నుంచి చాలామంది దళితులం వెళ్ళాం. దక్షిణాఫ్రికా రాజముద్ర మొదటిసారి అక్కడే చూశాను. మధ్యలో డాలు మీద ఇద్దరు మనుషుల బొమ్మలు. బుష్‌మెన్ అని బయటివాళ్ళు పేరుపెట్టిన సాన్ ప్రజలు రాళ్ళ మీద వేసిన చిత్రాల్లోంచి తీసుకున్నవి. కింద ఒక నినాదం. వేరువేరు జనం ఒక్కటవ్వాలని దాని అర్థమట. ఏ భాష అని అడిగితే, కేప్ ప్రాంతపు సాన్ తెగలో ఒకరి భాష అన్నారు. మాట్లాడేవాళ్ళు ఎక్కడున్నారు అని అడిగాను. ఎవరూ మిగల్లేదు అన్నారు. ప్రభుత్వం 2000 సంవత్సరంలో ఆ నినాదాన్ని ముద్రకెక్కించేనాటికే ఆ భాషలో తల్లిని పిలిచే బిడ్డ లేడు.

ఆ భాష మనకి కొంచెమన్నా తెలియడానికి కారణం కాబో అనే ఒక ఖైదీ. పశువుల దొంగతనం కేసులో కేప్‌టౌన్ జైల్లో ఉన్నవాణ్ణి 1871లో బ్లీక్ అనే భాషా పండితుడు తన ఇంటికి తెచ్చుకుని, తన వదిన లూసీ లాయిడ్‌తో కలిసి కథలు చెప్పించుకుని రాసుకున్నాడు. కాబోతోపాటు మరికొందరు చెప్పినవి కూడా కలిపి 12,000 పేజీల పైచిలుకు నోటుబుక్కులయ్యాయి. 1997లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. కాబోకి మాత్రం ఇంటికి పోవాలని ఉండేది. తనవాళ్ళ మధ్య కూర్చుని, దూరాన్నుంచి గాలిలా వచ్చే కథలు వినాలని ఉందని ఆ రాసేవాళ్ళకే చెప్పుకున్నాడు. ఆ కథల పుస్తకం లండన్‌లో అచ్చయిన సంవత్సరం కూడా 1911.

నోటుబుక్కులు భద్రంగా ఉన్నాయి. జనం లేరు. డర్బన్ నుంచి తిరిగొస్తూ విమానంలో నాకు ఆ వేపచెట్టూ, ఆగిపోయిన పంబా గుర్తొచ్చాయి. అయినా ఆ ఇంటికి వెళ్ళడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పైనే పట్టింది. ఉద్యమాల్లో తిరిగేవాళ్ళకి అన్నిటికీ టైముంటుంది, తప్పు ఒప్పుకోవడానికి తప్ప.

పోయిన కార్తీకం చివర నరసరావుపేటలో బస్సెక్కి కారెంపూడిలో దిగాను. కార్తీక అమావాస్యకి అక్కడ వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. అయిదు రోజులు, యుద్ధం మళ్ళీ జరిగినట్టే. ఎక్కడెక్కడి నుంచో వీరాచారవంతులు తమ వీరుల కొణతాలు మోసుకుని నాగులేటికి వస్తారు. చాపకూడు కూడా పెడతారు.

పెద్దయ్య ఊరు అక్కడికి దగ్గరే. ఊరి పేరూ, వాళ్ళ పేర్లూ రాయను. ఇల్లు చిన్న స్లాబు ఇల్లు, ముందు నాపరాళ్ళు పరిచిన వాకిలి. పెద్దయ్య పోయి పన్నెండేళ్ళయిందట. కొడుకు ఉన్నాడు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. పిడుగురాళ్ళ సున్నం బట్టీల్లో పనికి పోతాడు. పండగ నెలలో పాట, మిగతా నెలల్లో బట్టీ. గోడకి పసుపుగుడ్డ చుట్టిన కత్తి, పక్కన పంబ, ఆ మేకుకే సెల్‌ఫోన్ చార్జరు.

పెద్దమ్మ పత్తి తీతకి పోయి అప్పుడే వచ్చింది. డెబ్భై దాటాయి. నెలకి 4,000 పింఛను వస్తుంది, అయినా కూలికి పోతూనే ఉంది. నేను ఫలానా పల్లె, ఫలానా వాళ్ళ అబ్బాయిని అన్నాను. కళ్ళు చికిలించి చూసింది.

"పాట ఆపించిన పిల్లోడివి నువ్వేనా?"

కాళ్ళ మీద పడబోయాను. పట్టుకుని లేపింది.

"పెద్దయ్య ఇంటికొచ్చి ఏమన్నాడు పెద్దమ్మా?"

"ఏమంటాడు? కుర్రోడికి కోపం వొచ్చిందే, మంచిదే, కథ చెవికెక్కబట్టే వొచ్చింది అన్నాడు."

"మరి మళ్ళీ రాలేదేం?"

"నీ మూలాన అనుకుంటన్నావా?" అని నవ్వింది. "ఆ యేడు ఎండాకాలంలో పంబ కొట్టే మా మరిది పోయాడు. జోడీ లేకపోతే అంత దూరం ఎట్టా వొస్తాడు? నీ మాటకి భయపడేంత మెత్తటోడు కాదులే ఆయన."

ఇన్నేళ్ళు నేను మోసిన నేరం బరువంతా నా గొప్పతనమేనని అప్పుడు అర్థమైంది. ఆ పెద్దమ్మ కొడుకు మాత్రం నన్ను అంత తేలిగ్గా వదల్లేదు.

"తమ్ముడూ, నువ్వు ఆనాడు అడిగింది తప్పు కాదు. గింజల కోసమే పాడాం. ఒక ఊళ్ళో మాకు టీ గ్లాసు కూడా విడిగా పెట్టేవాళ్ళు. చాపకూడు ఘట్టం చెప్పించుకునేవాళ్ళు, చెప్పినోణ్ణి అరుగు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. నా కొడుకు ఇవన్నీ చూశాడు. హైదరాబాద్ పోయి ఆటో నడుపుతున్నాడు, కత్తి ముట్టనన్నాడు. వాణ్ణి నేను బలవంతం చెయ్యలా. కానీ తమ్ముడూ, ఈ పాట నాతో పోతే మీరు ఎవరూ రారు గదా అడగటానికి? పాడినందుకు తిట్టారు. పాడకపోతే ఏమంటారు?"

నా దగ్గర జవాబు లేదు. దగ్గుతూనే మాట్లాడుతున్నాడు. బట్టీ పొగా దుమ్మూ గొంతుని తినేస్తున్నాయి. ఆ గొంతే మా పుస్తకం, ఆ గొంతుతోనే బతుకు పని.

వాళ్ళ అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం. వాళ్ళ నాన్న పాడేవన్నీ ఫోన్‌లో రికార్డు చేసి, రాత్రిపూట లాంగ్ నోటుబుక్కుల్లో ఎక్కిస్తోంది. అప్పటికి మూడు పుస్తకాలు నిండాయి. ఒక చానెల్ అతను వచ్చి పాట తీసుకుపోయి, ఇంటర్నెట్‌లో 'పల్నాటి జానపదం' అని పెట్టుకున్నాడట. వాళ్ళ నాన్న పేరు ఎక్కడా లేదు. "జానపదం అంటే ఎవరిదీ కాదనా బాబాయ్?" అని అడిగింది.

"నువ్వు నేర్చుకోవచ్చుగా అమ్మా?" అన్నాను. వాళ్ళ నాన్న అందుకున్నాడు. "ఆడపిల్ల కత్తి పట్టే ఆచారం లేదు తమ్ముడూ."

పెద్దమ్మ అన్నం గిన్నె కింద పెట్టి, "ఆడది మంత్రిత్వం చేసి యుద్ధం నడిపిందని రాత్రంతా పాడతావు. ఆడది పాడితే నీకొచ్చిన నొప్పేంట్రా?" అంది. అందరం నవ్వాం. ఆయన మాత్రం నవ్వలేదు, ఆలోచనలో పడ్డాడు.

మిత్రులారా, ఈ రాత్రి నుంచి నేను తెచ్చుకున్నది చెప్తాను. పండితుడు వచ్చి పాట చూస్తాడు, మనిషిని చూడడు. మనం ఉద్యమకారులం వచ్చి బానిసత్వం చూస్తాం, విద్యని చూడం. రెండు వైపులా ఆ మనిషే నష్టపోతాడు. అంబేడ్కర్ 1936లోనే చెప్పాడు, కలిసి భోంచేసినంత మాత్రాన కులం చావదని. చాపకూడు గొప్ప అని మురిసిపోవడానికి నేను ఈ పాట వినమనడం లేదు. అన్నం మీదా, చాప మీదా ఇన్ని వందల ఏళ్ళ కిందట తగాదా జరిగిందనే జ్ఞాపకాన్ని ఎవరు నిలబెట్టారో తెలుసుకోమంటున్నాను. ఆ కొడుకు కత్తి ముట్టనన్నాడు, అది అతని హక్కు. ఆ అమ్మాయి ముడతానంటే అదీ హక్కే. పాట వదిలేసినా, పట్టుకున్నా, దాని మీద ఆ ఇంటి పేరు ఉండాలి, డబ్బు ఆ ఇంటికి చేరాలి. విశ్వవిద్యాలయాల్లో ఆ పాట మీద పీహెచ్‌డీలు ఇస్తారు. పాడేవాణ్ణి పిలిచి, జీతమిచ్చి, పిల్లలకి పాఠం చెప్పించడానికి ఏం అడ్డం? పేరే విద్యావంతుడు గదా.

మీలో పల్నాడు పిల్లలున్నారు. సెలవులకి వెళ్ళినప్పుడు మీ పల్లెలో పాడేవాళ్ళెవరో కనుక్కోండి. ఫోన్ బయటికి తీసేముందు పేరు అడగండి, ఒప్పుకున్నాకే రికార్డు చెయ్యండి, ఒక కాపీ ఆ ఇంట్లో ఉంచి రండి.

రాత్రి పది దాటాక బయల్దేరబోతూ పెద్దమ్మ చేతిలో కొంత డబ్బు పెట్టబోయాను. తీసుకోలేదు.

"ఆపించినందుకు నేనేమీ అనలా. కానీ వీరుడు రణంలో ఉండగా కథ ఆపకూడదు నాయనా. సగంలో ఉండిపోయింది. కూకో, మిగతాది విని పో" అంది.

అన్న గొంతు సవరించుకుని గోడ మీది పసుపుగుడ్డ విప్పాడు. అమ్మాయి నోటుబుక్కు తెచ్చుకుంది. పంబ కొట్టేవాడు లేడు, పక్కింటి కుర్రాడు తాళాలు పట్టాడు. వాకిట్లో నాపరాళ్ళ మీద చాప పరిచారు. నేను కూర్చున్నాను.

తెల్లవారి నాలుగింటికి కథ ముగిసింది. మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు.

వచ్చే వారం ఆ అమ్మాయి అడిగిన ఇంకో ప్రశ్న గురించి రాస్తాను. జై భీమ్.