పదహారు మెట్లు

మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో, రేవు ఒడ్డున పదహారు నల్లరాతి మెట్లున్నాయి. మన ఊరి చెరువుకైనా ఇంతకంటే పెద్ద రేవు ఉంటుంది. వాటి ముందు నిలబడి రెండుసార్లు లెక్కపెట్టాను. ఓడ దిగిన భారతీయ కూలీలు ఈ మెట్లెక్కే ఆ దేశంలోకి అడుగుపెట్టారు. ఒకప్పుడు కూలీ ఘాట్ అన్న ఈ చోటుకు ఇప్పటి పేరు ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

స్థలం మొత్తం 1,640 చదరపు మీటర్లు. మన లెక్కలో సుమారు నలభై సెంట్లు. 1849లో ఇక్కడ వలస కూలీల డిపో కట్టారు. అందులో మిగిలినవి ప్రవేశద్వారం, ఆసుపత్రి గదులు, కూలీలను ఉంచిన షెడ్ల ఆనవాళ్లు. 1865 నాటి డిపోలో సగం కూడా ఇప్పుడు లేదు.

ఈ కథ మొదలైంది బానిసత్వం ముగింపుతో. 1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. బ్రిటిష్ ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది, కానీ బానిసలకు కాదు, యజమానులకు. ఈ ఒక్క దీవి యజమానులకే ఇరవై లక్షల పౌండ్లకు పైగా ముట్టింది. ఏళ్ల తరబడి చెరకు నరికినవారికి పైసా దక్కలేదు. తోటలకు మాత్రం చేతులు కావాలి. రద్దు అమల్లోకి రాకముందే, 1834 నవంబరు 2న, కలకత్తా నుంచి వచ్చిన అట్లాస్ ఓడ 36 మందిని దించింది. ఛోటానాగపూర్ కొండ ప్రాంతాల మనుషులు వాళ్లు. ఐదేళ్ల ఒప్పందం. మగవాళ్లకు నెలకు ఐదు రూపాయల జీతం.

బానిసల బదులు ఒప్పంద కూలీలను తెచ్చే ఈ పద్ధతికి దొరలు పెట్టుకున్న పేరు 'మహా ప్రయోగం'. ఆ తర్వాత 1910 వరకు నాలుగున్నర లక్షల మందికి పైగా భారతీయులు ఈ దీవికి వచ్చారు.

సంకెళ్ల పని ఇక్కడ కాగితం చేసింది. డిపోలో మనిషికొక నంబరు ఇచ్చేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు, మచ్చలు రిజిస్టర్లో ఎక్కేవి. తోటలో ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. జ్వరమొచ్చినా చాలాచోట్ల అదే లెక్క. ఒప్పందం తీరాక కూడా విడుదల లేదు. 1867 చట్టం ప్రకారం పాత కూలీ తన ఫొటో అంటించిన టికెట్ ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. అది లేకుండా రోడ్డెక్కితే దేశదిమ్మరి అని పట్టుకుపోయేవారు.

ఆ ఫొటోల దగ్గర నాకు కాళ్లు కదల్లేదు. జనం ఫొటో తీయించుకోవడమే అరుదైన ఆ రోజుల్లో, ఈ బీదవాళ్ల ముఖాలు వేల సంఖ్యలో కెమెరాకెక్కాయి. గుర్తుగా దాచుకోవడానికి కాదు, పట్టుకోవడానికి. ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు. ఇన్ని అన్యాయాల మధ్య, తోట నడిపే అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే వ్యక్తి మాత్రం కూలీల పక్షాన నిలిచి 1871లో గవర్నరుకు అర్జీ పెట్టాడు. దాంతో రాయల్ కమిషన్ వచ్చి ఈ అన్యాయాల్ని నమోదు చేసింది.

ఈ మెట్లెక్కినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతో అక్కడ వాళ్లను 'కొరింగీలు' అన్నారు. మనిషి పేరు బదులు రేవు పేరు! ఉగాదికి ఈనాటికీ మారిషస్‌లో ప్రభుత్వ సెలవుంది. భాష సన్నగిల్లినా పండుగ నిలిచింది. మన పాఠ్యపుస్తకాల్లో ఈ ప్రయాణానికి ఎంత చోటుందో వెతికి చూడండి.

ఆ రిజిస్టర్లు ఇప్పుడు మోకా ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. పూర్వీకుల ఊరు ఏదో తెలుసుకోవడానికి మారిషస్ వాళ్లు అక్కడికి వెళ్తుంటారు. ఈ వెతుకులాటకు ఇటువైపు, మన ఊళ్లలో కూడా ఒక చివర ఉంది. 'ఓడెక్కి పోయాడు, మళ్లీ రాలేదు' అని మీ ఇంట్లో పెద్దలు ఎవరి గురించైనా చెప్తే, ఆ పేరు, ఊరు, ఇంటిపేరు ఒక కాగితం మీద రాసి పెట్టండి.