చెప్పి వెళ్దాం



ఉద్యోగం ఎలా సంపాదించాలో మన పిల్లలకి చెప్పేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. కోచింగ్ సెంటర్లున్నాయి, జాబ్ మేళాలున్నాయి, ఐటీడీఏ ట్రైనింగులున్నాయి. ఉన్న ఉద్యోగం ఎలా మానాలో మాత్రం ఎవరూ చెప్పరు. మేము నలుగురం ఒకే ఆశ్రమ పాఠశాలలో పది వరకు చదివాం. ఆ తర్వాత నలుగురం కలిపి తొమ్మిది ఉద్యోగాలు మానాం. మందుల కంపెనీ, ఆసుపత్రి, బట్టల షాపు, సెక్యూరిటీ, చివరికి సచివాలయం కూడా. అందుకని ఈ సంగతి రాయడానికి మాకు కొంచెం అర్హత ఉందనుకుంటున్నాం.

సంక్రాంతికో, కందికొత్తల పండక్కో, జీడిపిక్కల రోజుల్లోనో ఊరొస్తాం కదా. పండగైపోయి పది రోజులైనా తమ్ముడు తిరిగి వెళ్లడు. "ఏటిరా, డ్యూటీకి ఎళ్లవా?" అంటే "మానీసేను" అంటాడు. "సెప్పేవా వాళ్లకి?" అంటే నవ్వుతాడు. ఫోన్ స్విచ్చాఫ్, లేదా కొత్త సిమ్. గదిలో చాప, బకెట్టు అక్కడే ఉండిపోతాయి. ఆ నెల జీతం కూడా అక్కడే ఉండిపోతుంది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సాలూరు, ఏ వైపు చూసినా ఇదే వరస. ఇప్పుడు మనలో కొందరం మన్యం జిల్లా, కొందరం శ్రీకాకుళం, విజయనగరం. జిల్లాలు విడిపోయినా ఈ అలవాటు మాత్రం అందరికీ ఒకటే.

బయటవాళ్లు దీనికి ఒక పేరు పెట్టారు: "ఏజెన్సీ గుంటలకి నిలకడ లేదు" అని. మేము ఒప్పుకోం. దీని వెనక మన తాతల కథ ఒకటుంది.

మాలో ఇద్దరి తాతలు కంబార్లు. పెళ్లికనో, కరువులో తిండికనో సావుకారి దగ్గర గింజలు తెచ్చుకుంటే, ఆ అప్పు కింద కొడుకుని పశువుల దగ్గర పెట్టేవారు. వాడు పెరిగి పెద్దవాడై పెళ్లి చేసుకున్నా అప్పు తీరేది కాదు, లెక్క సావుకారి పుస్తకంలో కదా ఉండేది! ఆ పని మానాలంటే అడగడానికి ఎవరున్నారు? అడిగితే దెబ్బలు. ఉన్న దారి ఒక్కటే. చీకటి పడ్డాక బయల్దేరి, కొండ దాటి, గునుపూరు వైపు చుట్టాలింటికి చేరిపోవడం. మా తాత ఒకాయన అలాగే వెళ్లి మూడేళ్లు ఊరికి రాలేదు. ఆయనకి చెప్పకుండా వెళ్లడమే తెలివి, ధైర్యం కూడా.

తర్వాత కాలం మారింది, ఊరికే మారలేదు. కంబార్ల కూలి పెంచాలని, వెట్టి ఆపాలని మన కొండల్లో గిరిజన సంఘం పోరాడింది. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ సభకి వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న చనిపోయారు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. అప్పు కింద మనిషిని పనికి కట్టి ఉంచడం నేరం, అలాంటి అప్పు తీర్చక్కర్లేదు అని ఆ చట్టం చెప్పింది. అడ్వాన్సు ఇచ్చి ఇటుక బట్టీకో, రొయ్యల చెరువుకో తీసుకెళ్లి "బాకీ తీరేదాకా కదలకూడదు" అనేవాడికి ఈరోజుకీ ఆ చట్టం వర్తిస్తుంది.

అంటే పట్టపగలు, ఎదురుగా నిలబడి "నేను ఈ పని మానేస్తున్నానండి" అని చెప్పగలగడం మన తాతలకి లేని హక్కు. మనకి వచ్చింది. వచ్చిన హక్కుని వాడకుండా మనం ఇంకా చీకట్లో కొండ దాటుతున్నాం. మా బాధ అదీ.

డబ్బు సంగతికొద్దాం. చెప్పకుండా వచ్చేస్తే రికార్డులో "ఆబ్సెంట్" అని పడుతుంది. మనం చేసిన రోజుల కూలి మన హక్కే అయినా, అడగడానికి మొహం చెల్లక వదిలేస్తాం. పీఎఫ్ కూడా అంతే. జీతంలో నూటికి పన్నెండు మన వాటా కోస్తారు, కంపెనీ కూడా అంతే కట్టాలి. కంపెనీ కట్టినదాంట్లోంచి 8.33 వంతు పెన్షన్ ఫండుకి పోతుంది. మొత్తం పదేళ్ల సర్వీసుంటే పెన్షన్‌కి అర్హత వస్తుంది. మన పిల్లలు మూడు కంపెనీల్లో పదకొండేళ్లు పనిచేసినా, ప్రతిచోటా కొత్తవాడిలా చేరి కొత్త యూఏఎన్ నంబరు తీసుకుంటారు. పాతవి ఏ ఫోన్ నంబరుతో తీశారో గుర్తుండదు. ఒకటే నంబరు ఉంచుకుని, కొత్త చోట చేరినప్పుడు పాత ఖాతా అందులోకి మార్చుకుంటే సర్వీసు కలుస్తుంది. మానేసిన తేదీ కంపెనీ వేయకపోతే, చివరిసారి డబ్బు పడిన రెండు నెలల తర్వాత ఆధార్ ఓటీపీతో మనమే వేసుకోవచ్చు. ఫోన్ నంబరు మార్చేముందు ఇది చూసుకోండి తమ్ముళ్లూ. సిమ్ పారేస్తే ఓటీపీ ఎక్కడికొస్తుంది?

అన్నిటికంటే ముఖ్యం ఒరిజినల్ సర్టిఫికెట్లు. మాలో ఒకరికి ఒక కంపెనీలో ఇలాగే అయింది. చేరినప్పుడు పదో తరగతి మార్కుల లిస్టు, కుల ధ్రువీకరణ పత్రం ఒరిజినల్స్ తీసుకున్నారు. రాజీనామా ఇచ్చాక రేపు రా, ఎల్లుండి రా అని ఐదు వారాలు తిప్పారు. ఆ మధ్యలో ఒక వెరిఫికేషన్ ఉంది, అది పోయింది. అందుకే ఒరిజినల్స్ చూపించండి, జిరాక్సులివ్వండి. తప్పనిసరిగా ఇవ్వాల్సొస్తే ఏమేం తీసుకున్నారో కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి.

ఇక చెప్పడం ఎలాగంటే, మొదట మనం ఎవరి దగ్గర పనిచేస్తున్నామో తెలియాలి. ఇది వేళాకోళం కాదు. గేటు మీద బోర్డు ఒక పేరు, జీతం స్లిప్పు మీద ఇంకో పేరు, మనల్ని ఊరి నుంచి తీసుకెళ్లిన మేస్త్రీ మూడో మనిషి. మేస్త్రీకి నోటిమాటగా చెప్పి వచ్చేస్తే చెప్పినట్టు కాదు. స్లిప్పు మీద ఎవరి పేరుందో వాళ్లకి ఉత్తరం ఇవ్వాలి. చేరినప్పుడిచ్చిన కాగితంలో ఎన్ని రోజుల ముందు చెప్పాలో రాసి ఉంటుంది, అది చూడండి. కాగితమే ఇవ్వకపోతే నెల ముందు చెప్పడం మర్యాద.

కారణం దగ్గర మనవాళ్లు కథలల్లుతారు. మేము సెక్యూరిటీలో ఉన్నప్పుడు ఒక తమ్ముడికి రెండేళ్లలో నలుగురు తాతలు చనిపోయారు. మూడోసారికే సూపర్‌వైజర్ దండం పెట్టాడు. అబద్ధం అక్కర్లేదు. "సొంత కారణాలు" అంటే చాలు. అంతకంటే చెప్పాల్సిన పని లేదు. ఉత్తరం తెలుగులో రాసినా పరవాలేదు. మా నర్సు చెల్లి రాసినట్టు ఇలా రాయొచ్చు:

"అమ్మా, నేను మీ దగ్గర 2022 జూన్ నుంచి పనిచేస్తున్నాను. సొంత కారణాల వల్ల ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. ఫలానా తేదీ నా చివరి పని రోజు. అప్పటివరకు డ్యూటీ చేసి, నా దగ్గరున్న ఐడీ కార్డు, యూనిఫాం, లాకర్ తాళం అప్పగిస్తాను. నాకు రావాల్సిన జీతం, రిలీవింగ్ లెటర్ ఇప్పించగలరు."

ఇంతే. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద "అందింది" అని సంతకం, తేదీ వేయించుకోవాలి. సంతకం పెట్టకపోతే వాట్సాప్‌లోనో, మెయిల్‌లోనో ఫోటో పంపాలి. చెల్లికి ఆ రోజు అరగంట తిట్లు పడ్డాయి. "నేర్పించి పెద్దదాన్ని చేస్తే ఎలిపోతావా" అన్నారట. అది నిలబడి విని, "మీరు నేర్పించిన మాట నిజమేనమ్మా, మర్చిపోను" అని డ్యూటీకి వెళ్లిపోయింది. చివరి రోజు వరకు నైట్ డ్యూటీలే వేశారు, అన్నీ చేసింది. ఏడాది తిరక్కుండా అదే హెడ్ సిస్టర్ ఫోన్ చేసి, "మీ ఊరి పిల్లలు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. ఇప్పుడక్కడ మన పిల్లలు ఇద్దరున్నారు. ఒకరు మాయమైపోతే తర్వాతవాళ్లకి గేటు దగ్గరే "ఏ ఊరు?" అని అడిగి పంపేస్తారు, అది కూడా చూశాం.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవాళ్లకి రావాల్సిన జీతం రెండు పని దినాల్లోగా ఇచ్చెయ్యాలి. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ ఉంటుంది. ఇంతకాలానికి అని గడువు రాసి పెట్టుకున్న ఉద్యోగమైతే ఇప్పుడు ఏడాదికే వస్తుంది. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసుంది, ఐటీడీఏలో సోమవారం గ్రీవెన్సుంది. ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. వీటిల్లో ఎక్కడికెళ్లినా మొదట అడిగేది ఆ సంతకం ఉన్న కాపీయే.

కొట్టేచోట, ఆడపిల్లల మీద చెయ్యేసేచోట, కార్డు లాక్కుని గదిలో పెట్టేచోట ఈ మర్యాదలేవీ అక్కర్లేదు. ముందు బయటపడండి. ఉత్తరం ఇంటికొచ్చాక రాసుకోవచ్చు. అలాంటి చోటు నుంచి పారిపోయి వచ్చిన చెల్లిని "ఎందుకు సెప్పకుండా వచ్చీసేవు" అని అడగొద్దు.

గవర్నమెంటు ఉద్యోగం వదిలి ఇంకో గవర్నమెంటు ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి ఒక్క ముక్క. పరీక్ష రాసేటప్పుడే శాఖ అనుమతి తీసుకోండి. అనుమతితో వెళ్తే పాత సర్వీసు నిలుస్తుంది. ఉత్తినే రాజీనామా పడేస్తే పోతుంది. రిలీవింగ్ ఆర్డరు, చివరి జీతం సర్టిఫికెట్, సర్వీస్ రిజిస్టరు, ఈ మూడూ కదిలాయో లేదో చూసుకున్నాకే బస్సెక్కండి.

మన వైపే ఉద్యోగం మానిన ఒక పెద్దాయన ఉన్నారు. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్ఫై రూపాయల జీతానికి చేరారు. అక్కడుండగానే సవర భాష నేర్చుకుని, మన పిల్లలకి బడులు పెట్టారు. 1911లో, ముప్ఫై ఏళ్ల సర్వీసు నిండాక, ఉద్యోగం నుంచి తప్పుకున్నారు. సవర భాష మీద ఆయన రాసిన వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అంటే కొలువు వదిలాక ఇరవై, ఇరవై ఏడేళ్లకి. ఆగస్టు 29న ఆయన ఫోటోకి దండేసి తెలుగు గురించి మాట్లాడేవాళ్లలో సవర మాట ఎత్తేవాళ్లు తక్కువ. అది వేరే పోస్టు రాయాల్సిన సంగతి.

ఆయన గుర్తుకు రావడానికి కారణం మాలో నాలుగో వాడు. 2019లో సచివాలయాలు పెట్టినప్పుడు వెల్ఫేర్ అసిస్టెంటుగా చేరాడు. 2025 డీఎస్సీలో టీచరు పోస్టు వచ్చింది. సంతోషమే. కానీ వాడి కుర్చీలోకి వచ్చేది మనవాళ్లే అయి ఉంటారని ఏముంది? షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో నంబరు 3నే 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆఫీసుల్లో మన భాష వచ్చినవాళ్లు ఒకరు కదిలితే ఆ ఖాళీ మామూలు ఖాళీ కాదు. కొండ మీద సవర ముసలమ్మ వచ్చి ఏం అడిగిందో అర్థమయ్యే మనిషి ఉండరు.

రిలీవయ్యే ముందు మావాడు పదిహేను రోజులు కూర్చుని ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం నింపాడు. ఏ గూడెంలో ఎవరి పెన్షన్ అర్జీ ఏ మెట్టు దగ్గర ఆగిందో, ఎవరి కుల ధ్రువీకరణ పత్రంలో తండ్రి పేరు తప్పు పడిందో రాశాడు. జీడిపిక్కలు ఒలిచి వేళ్లు కాలిపోయి, వేలిముద్ర పడనివాళ్లు పదకొండు మంది. ఒకటో తారీఖున వాళ్లని వేలు పెట్టమని పదిసార్లు అడగొద్దని, మొహం చూపించే పద్ధతిలో తీయమని వాళ్ల పేర్ల కింద ఎర్ర పెన్నుతో గీశాడు. చివరి ఆరు పేజీలు సవర మాటలు, తెలుగు అక్షరాల్లో. నొప్పి, జ్వరం, బియ్యం, రేషన్ కార్డు పోయింది, అల్లుడు కొడుతున్నాడు, ఇలాంటివి. ఎవరూ అడగలేదు వాణ్ణి. చార్జి అప్పగింత కాగితంలో ఆ పుస్తకానికి గడి కూడా లేదు. కంప్యూటరు, ప్రింటరు, ట్యాబ్, వేలిముద్ర మిషన్, కుర్చీలు రెండు, అంతవరకే ఉన్నాయి.

కొత్తగా వచ్చినామె అనకాపల్లి వైపు పిల్ల. మొదటి నెల పెన్షన్ల రోజు తెల్లవారి ఆరున్నరకి మావాడికి ఫోన్ చేసింది. "అన్నా, మూడో గూడెంలో ఉన్నాను. నలభై రెండో పేజీలో రెండో మాట ఎలా పలకాలి?" అని.