దజీజ్‌లో నాయన సైకిల్ సీటు

అరబ్బీలో దజీజ్ అంటే గోల అని అర్థం. పక్కనే విమానాశ్రయం, చుట్టూ గోడౌన్లు, ఆఫీసులు, హైపర్ మార్కెట్... పేరుకు తగ్గ చోటే! శుక్రవారం సాయంత్రం పిల్లల్ని, ట్రాలీని తోసుకుంటూ అక్కడ తిరగని కువైట్ తెలుగువాళ్ళు తక్కువ. మొన్న చలికాలంలో నేను మాత్రం రాగి రివెట్ల కోసం వెళ్ళాను.

సంగతేమిటంటే, రాజంపేటలో మా నాయన బడికి తొక్కిన సైకిల్ తుప్పుపట్టిపోయింది. తోలు సీటొక్కటే మిగిలింది. దాన్ని సూట్‌కేసులో పెడుతుంటే మా ఆవిడ, "ఆవకాయకి చోటు లేదు గానీ దీనికుందా?" అంది. ఇక్కడ కొన్న సైకిల్‌కు బిగించి, ఆయన వచ్చేసరికి చూపించాలని నా ఆశ.

తోలు బాగానే ఉంది, వెనకవైపు నాలుగు రివెట్లే ఊడాయి. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, నాకు తెలియనిదేముంది అనుకుని తుపాకీలాంటి పనిముట్టుతో నొక్కే అల్యూమినియం పాప్ రివెట్టు ఒకటి వేశాను. సీటు మీద కూర్చోగానే పర్రున చిరిగింది!

దజీజ్ వెనక వీధిలో చెప్పులు, బ్యాగులు బాగుచేసే రాయచోటి పెద్దాయన ఒకరున్నారు. సీటు చూసి, "అబ్బయ్యా, ఇది రేకుకు కొట్టేది. తోలుకు యాడన్నా కొడతారా?" అన్నారు. సిగ్గేసింది.

ఆయన చెప్పింది ఇదీ. సీటు తోలు గుడారంలా ముందుకీ వెనక్కీ లాగి ఉంటుంది, మన బరువంతా రివెట్ల మీదే. పాప్ రివెట్టు బోలుగా ఉంటుంది, తల చిన్నది. ఇనుపదైతే తుప్పు పట్టి తోలును నల్లగా చేసి తినేస్తుంది. గట్టి రాగిది, వెడల్పు తలది కావాలి. కాడ పొడవు తోలు, కింది ఇనప రేకు, వాషరు మూడూ దాటి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు పైకి రావాలి. ఎక్కువైతే వంగుతుంది, తక్కువైతే పట్టదు. ఇక పనిముట్లు: రంధ్రానికి పంచి, కాడ కోసే కట్టరు, తల ఆనడానికి గుంట ఉన్న దాగలి, గుండ్రటి మొనున్న సుత్తి.

పిల్లలూ, ఇలాంటి సీట్లకు ఇంగ్లండులో బ్రూక్స్ అనే ఆయన 1882లో పేటెంటు తీసుకున్నాడు. గుర్రం చచ్చిపోయి సైకిలెక్కితే సీటు గుచ్చుకుందట, అందుకని!

చిరిగిన చోట కింద తోలు ముక్క అంటించి, సీటు తిరగేసి కొట్టడం మొదలుపెట్టాం. గట్టిగా ఒక్క దెబ్బ వేయబోతే ఆయన చెయ్యి పట్టుకున్నారు. చిన్న చిన్న దెబ్బలు, చుట్టూ తిప్పుతూ. నాలుగు రివెట్లకి గంట పట్టింది. నాలుగోది నేనే కొట్టాను, కాస్త వంకర.

ఫోన్లో చెబితే నాయన, "ఆముదం పూశావా? రవ్వంతే పుయ్యి, లేకుంటే తోలు సాగిపోతాది" అన్నారు. ఎండలో పెట్టొద్దని కూడా. మన మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు కాసిందని ఆయనకేం తెలుసు! సీటు ఇప్పుడు ఏసీ గదిలో, పుస్తకాల అరలో ఉంది.

చిరుగు సంగతి మాత్రం ఆయనకింకా చెప్పలేదు. ఫిబ్రవరిలో వస్తున్నారు.