పద్దుకెక్కని నష్టం

వర్తకం నేర్వదలచినవారికి ముంబయి నగరమే ఒక పాఠశాల. షేర్ల దళారులు 1875లోనే ఇక్కడ సంఘం కట్టుకొన్నారు. చర్చిగేట్ చెంత, 1913లో వెలసిన సిడెన్‌హామ్ వాణిజ్య కళాశాలలో 1918లో అంబేద్కర్ ఆచార్యులుగా చేరారు.

లోయర్ పరేల్ నుంచి లోకల్ రైలులో చదువుకు వచ్చే ఒక తెలుగు విద్యార్థి తాత కరీంనగర్ ప్రాంతపు పద్మశాలి. బట్టల మిల్లులో సాంచా నడిపినవాడు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన ఆరంభమైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మందితోపాటు ఆయనా పని మానాడు. సమ్మె ఏడాదికి పైగా సాగింది. వేలాది మందికి మళ్లీ పని దొరకలేదు. ఆయనకూ దొరకలేదు.

పాఠ్యగ్రంథాలలో ఆ సమ్మె ఒక ఉదాహరణ: పడిపోయిన ఉత్పత్తి, మూతపడిన మిల్లులు, పెరిగిన భూమి విలువ. 1905లో స్థాపితమైన ఫీనిక్స్ మిల్లు స్థలంలో నేడు విశాలమైన అంగళ్ల సముదాయం వెలుగుతున్నది. ఆస్తి అప్పుల పట్టీలో భూమికి చోటుంది. పదిహేనేళ్ల పనితనానికి గడి లేదు.

విద్యార్థి మొదటి లెక్కను పరీక్ష కోసం చదువుతాడు. రెండవదానిని సాయంకాలాలలో తాతనడిగి వ్రాసుకొంటాడు. ప్రతి జమకూ సమానమైన ఖర్చు ఉండాలన్నది గదా జంటపద్దు సూత్రం!