మాస్టారు కారణం రాయని పేజీలు

కోనసీమలో పుట్టి సంక్రాంతికి బరి ముఖం చూడని మగవాళ్లు తక్కువ. కొత్తపేట వైపు ఊళ్లో ఉండే ఒక రిటైరైన లెక్కల మాస్టారు ఆ కొద్దిమందిలో ఒకరు. గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చి రాస్తున్నాను. పండగ మూడు రోజులూ ఊరంతా కోడిపందేల దగ్గరా, గుండాట బల్లల దగ్గరా ఉంటే ఆయన కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లొచ్చి ఇంట్లో కూర్చునేవారు. జీవితంలో పేకముక్క పట్టి ఎరగరు. షేర్లు మాత్రం కొనేవారు, అమ్మేవారు. "అదీ జూదమే కదా మాస్టారూ" అని ఎవరన్నా అంటే ఆయనకి చెడ్డ కోపం వచ్చేది.

అరవై దాటాక ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఆయన డాక్టరుగా నేను న్యూరాలజిస్టు దగ్గరికి పంపితే పార్కిన్సన్స్ అని తేలింది. ప్రామిపెక్సోల్ మాత్ర మొదలుపెట్టారు. వణుకు తగ్గింది, నడక కుదుటపడింది. కొన్ని నెలలయ్యాక వాళ్లావిడ ఒక్కరే నా దగ్గరికి వచ్చారు.

"రాత్రి పదకొండున్నర దాకా ఫోను దించట్లేదండి. పగలు నిఫ్టీ అంటారు, రాత్రి క్రూడాయిల్ అంటారు. బ్యాంకులో డిపాజిట్టు తీసేశారు. అడిగితే కసురుతున్నారు. ఈయన ఇలాంటి మనిషి కాదండి, మీకు తెలుసు కదా" అంటూ సంచిలోంచి పొడవాటి నోట్‌బుక్కు తీసి నా ముందు పెట్టారు.

స్కేలు పెట్టి గీసిన అయిదు నిలువు గళ్లు. తేదీ, కంపెనీ, కొన్న ధర, ఎందుకు కొన్నాను, ఎంతకి దిగితే అమ్మేయాలి. పేజీలు తిప్పుతుంటే 2009 జనవరి 7 కనిపించింది. కంపెనీ లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ సత్యం ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడి ఆ షేరు ఒక్కరోజులో ముప్పావు వంతుకు పైగా పడిపోయిన రోజు. అమ్మాలని రాసుకున్న ధర దగ్గర ఆగే వీలే లేకుండా పోయింది. అయినా మాస్టారు కొంపమీదికి తెచ్చుకోలేదు. ఏ ఒక్క కంపెనీలోనూ తన సొమ్ములో ఇరవయ్యోవంతు మించి పెట్టకూడదని నోట్‌బుక్కు మొదటి పేజీలోనే రాసుకున్నారు. ఆ రోజు పద్దు ఎదురుగా "నష్టం. లెక్కలే అబద్ధమైతే నా లెక్క ఏం చేస్తుంది" అని రాసి, కింద గీత కొట్టి, మర్నాటి తేదీ వేశారు.

చివరి పేజీలు చూశాను. పార్కిన్సన్స్‌లో దస్తూరీ చిన్నదైపోతుంది, అది మేం ఎదురుచూసేదే. అంతకంటే వేరే విషయం నన్ను పట్టి ఆపింది. 'ఎందుకు కొన్నాను' గడి ఖాళీ. ఒక పేజీ కాదు, వరసగా అన్ని పేజీలూ అంతే. అమ్మాల్సిన ధర గడిలో 120 కొట్టేసి 95, అది కొట్టేసి 60. ఆ తర్వాత అంకె కూడా లేదు.

ప్రామిపెక్సోల్ మాత్ర మెదడులో డోపమైన్ చేసే పనిని తనే చేస్తుంది. కొందరిలో అది చేతి వణుకును ఆపడంతో ఊరుకోదు, ఆశపెట్టే భాగాన్నీ రెచ్చగొడుతుంది. 2005లో మేయో క్లినిక్ వైద్యులు ఇలా జూదంలో పడ్డ 11 మంది పార్కిన్సన్స్ రోగుల గురించి రాశారు. వాళ్లలో 9 మంది ప్రామిపెక్సోల్ వాడుతున్నవాళ్లే. న్యూరాలజిస్టుతో మాట్లాడాను. ఆయన ఆ మాత్ర మెల్లమెల్లగా తగ్గించి లెవోడోపా మీదికి మార్చారు. ఉన్నట్టుండి ఆపకూడదు, ఇది వాడేవాళ్ల ఇళ్లలో గుర్తుపెట్టుకోవాలి. వారాల్లోనే మాస్టారు రాత్రి ఫోను పక్కన పెట్టేశారు. డిపాజిట్టు సొమ్ము మాత్రం తిరిగి రాలేదు.

అదే మనిషి, అదే డీమ్యాట్ ఖాతా, అదే మార్కెట్టు. వ్యాపారమూ జూదమూ ఒకే నోట్‌బుక్కులో పక్కపక్కన చూశాక, ఆ రెంటి తేడా ఎక్కడుందో నాకు సందేహం లేదు. కొనకముందే కారణం రాసుకోవడం, ఎంత పోతే చాలించాలో ముందే తేల్చుకోవడం, ఆ హద్దు వచ్చినప్పుడు నిజంగా చాలించగలగడం. ఆ మూడోది తప్పితే మొదటి రెండూ కాగితానికే పరిమితం.

మాత్ర వేసుకోకుండానే హద్దు చెరిపేసుకునేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. రాజోలు దీవి నుంచి ఒక కుర్రాడు గుండెదడతో వచ్చేవాడు. ఈసీజీ బాగుంది, థైరాయిడ్ బాగుంది. ఎప్పుడెప్పుడు వస్తోందని అడిగితే గురువారం అన్నాడు. అప్పట్లో నిఫ్టీ ఆప్షన్ల ఎక్స్‌పైరీ, అంటే గడువు తీరే రోజు, గురువారం. తల్లి కువైట్‌లో ఇళ్లలో పనిచేసి పంపే సొమ్ము పెట్టి ఆప్షన్లు కొంటున్నాడు. "పోయింది రాబట్టుకుని మానేస్తానండి" అన్నాడు. జూదవ్యాధిని పట్టుకోవడానికి మా పుస్తకాల్లో ఉన్న 9 లక్షణాల్లో ఇదొకటి. బరి దగ్గర చొక్కాజేబు ఖాళీ చేసుకున్నవాడూ ఇదే మాట అంటాడు.

ఆప్షన్ల దగ్గర క్రమశిక్షణ ఒక్కటే గట్టెక్కిస్తుందని కూడా నేను అనను. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో లెక్క తీస్తే, మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన మామూలు మనుషుల్లో 93 శాతం నష్టపోయారు. పోయిన సొమ్ము 1.8 లక్షల కోట్లు దాటింది. షేరు కొన్నవాడికి కంపెనీ సంపాదనలో వాటా ఉంటుంది. ఆప్షన్‌లో ఒకడికి వచ్చింది ఇంకొకడి దగ్గర పోయిందే, మధ్యలో బ్రోకరేజీ, పన్నులు ఇద్దరికీ తప్పవు. 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని కేంద్రం నిషేధించింది. ఆప్షన్లు చట్టబద్ధం. చట్టం గీసిన ఆ గీత ఆ కుర్రాడి గుండెకి తెలియదు.

ఇప్పుడు షేర్ల మాట ఎత్తిన ప్రతి పేషెంటునీ మూడు అడుగుతాను. అప్పు తెచ్చి పెట్టావా? ఇంట్లో తెలుసా? నష్టమొచ్చిన రోజు రాత్రి నిద్ర పట్టిందా? జవాబు చెప్పేలోపే కళ్లు దించేసేవాళ్లు ఉంటారు.

ఆ కుర్రాడు ఖాతాలో ఫ్యూచర్స్, ఆప్షన్ల సదుపాయం మూయించుకున్నాడు. కాకినాడలో సైకియాట్రిస్టు దగ్గరికి నెలనెలా వెళ్తున్నాడు. మనసు లాగినప్పుడు టెలి మానస్ 14416కి ఫోను చేస్తున్నాడు, అది రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. దడ తగ్గింది. ఆ ఆప్షన్ల కోసం చేసిన అప్పు తీరలేదు. వాళ్లమ్మ ఈ వేసవికి వచ్చేయాల్సింది, కువైట్‌లో ఇంకో రెండేళ్లు ఉండిపోయింది.