పాత జేసీబీ కొనేముందు ఫిల్టర్ కోసి చూడండి

పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మా మండలంలో రోడ్డు పనికైనా, చెరువు పనికైనా బండి కింద నుంచే వస్తుంది. సీట్లో కూర్చుని తోలేది మాత్రం మన కుర్రాళ్లే. ఈమధ్య చాలామంది "జీతానికి తోలే బదులు ముగ్గురం కలిసి సెకండ్ హ్యాండ్ జేసీబీ కొనుక్కుంటాం అన్నా" అంటున్నారు. మంచి ఆలోచనే. కానీ ఇంజిన్ చప్పుడు విని, టైర్లు తట్టి, రంగు చూసి బయానా ఇచ్చేస్తున్నారు. అసలు డబ్బు మింగేది గేర్ బాక్స్. దాని సంగతి చెప్పేది చెంబంత ఉండే ట్రాన్స్‌మిషన్ ఫిల్టర్. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేసి, ఆరేళ్లు వర్క్‌షాపులో ఇదే పని చేశాను కాబట్టి తెలిసింది రాస్తున్నా.

ఈ బళ్లలో చాలావాటికి ముందుకి, వెనక్కి లివర్ వేస్తే చాలు, కాలితో క్లచ్ తొక్కక్కర్లేదు. లోపల పంపు ఆయిల్ తోడి, ఫిల్టర్ గుండా పంపుతుంది. ఆ ప్రెషర్‌తోనే క్లచ్ ప్లేట్లు బిగుస్తాయి. అదే ఆయిల్ టార్క్ కన్వర్టర్‌లో తిరిగి, కూలర్‌లో చల్లబడుతుంది. ఫిల్టర్ మూసుకుపోతే బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. అప్పుడు బండి ఆగదు, వడకట్టని ఆయిలే లోపల తిరుగుతుంది. అందుకే ఫిల్టర్ పోయిన బండి కూడా కొన్నాళ్లు బాగానే ఉన్నట్టు కనపడుద్ది.

పోయిన వేసవిలో మా ఊరి తమ్ముళ్లు ముగ్గురు నన్ను బండి చూడ్డానికి తీసుకెళ్లారు. జీతాల్లో మిగిల్చింది పోగేశారు. చాలక ఒకడి అమ్మ మెడలో గొలుసు కూడా బ్యాంకులో పెట్టారు.

మొదటి బండి తళతళ మెరుస్తోంది. బానెట్ మీద చెయ్యి పెడితే అప్పటికే వేడిగా ఉంది. "రేపు పొద్దున్నే వస్తాం, మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి" అని చెప్పి వచ్చేశాం. మర్నాడు చల్లని బండిలో లివర్ వేయగానే పట్టింది. తమ్ముళ్ల ముఖాలు వెలిగిపోయాయి. గంటసేపు పని చేయించి, గట్టు మీదకి వెనక్కి ఎక్కించమన్నాను. ఇంజిన్ అరుస్తోంది, చక్రాలు మాత్రం కదలట్లేదు. చల్లగా బాగుండి, వేడెక్కాక జారితే లోపల సీళ్లో, క్లచ్ ప్లేట్లో అరిగాయని అనుమానించాలి. ఫిల్టర్ చూస్తే కొత్తది. "ఇంకో కొత్త ఫిల్టర్ డబ్బులు మేమే పెట్టుకుంటాం, ఇది కోసి చూస్తాం" అన్నాం. ఓనర్ గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. మడతలు విప్పితే కాలిన కాగితంలా నల్లటి పేళ్లు, వాటి మధ్య ఇత్తడి రంగు మెరుపు. ఆయిల్ మాడు వాసన. దండం పెట్టి వచ్చేశాం.

రెండో బండి దుమ్ము కొట్టుకుని ఉంది. చల్లగా ఉన్నప్పుడు లివర్ వేస్తే నాలుగైదు సెకన్లకి గానీ కదల్లేదు. పంపు కూత వేస్తోంది. వేడెక్కాక రెండూ తగ్గాయి. అంటే ఆయిల్ వచ్చే దారే బిగుసుకుందేమో అనిపించింది. ఫిల్టర్ కోస్తే బురదలాంటి జిడ్డు, లోహం ముక్కల్లేవు. అయస్కాంతానికి సన్నటి బూడిద రంగు ముద్ద అంటింది, అది మామూలు అరుగుదలే. ఓనర్ ఒప్పుకుంటే అడుగు జాలీ విప్పాం. ఎవరో ఎక్కువగా పూసిన సీలెంట్ ముక్కలు దాన్ని మూసేశాయి. జాలీ కడిగి, ఆయిల్, ఫిల్టర్ మార్చి, గేజ్ పెట్టి చూశాం. చల్లగా ఉన్నప్పుడు, వేడెక్కాక కూడా ప్రెషర్ కంపెనీ పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది. ఆ తర్వాతే బయానా ఇచ్చారు. కొన్ని వారాలు నడిపాక ఆ ఫిల్టర్ కూడా కోసి చూశా, శుభ్రంగా ఉంది.

రెండిటి అనుమానమూ ట్రాన్స్‌మిషన్ మీదే. ఒకదాంట్లో ఫిల్టరే రోగం, మారిస్తే పోయింది. ఇంకోదాంట్లో ఫిల్టర్ సాక్షి మాత్రమే, ఎన్నిసార్లు మార్చినా రోగం పోదు. ఈ తేడా తెలియాలంటే:

1. బండి చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, గంట పని చేశాక ఒకసారి నడిపి చూడండి.
2. ఆయిల్ చూడండి. పాలలా ఉంటే నీళ్లు కలిశాయి. కూలర్ లీకు కావచ్చు, గెడ్డల్లో లోతుగా దిగిన బండి కావచ్చు. నురగ ఉంటే గాలి లాగుతోందేమో, ఆయిల్ ఎక్కువైందేమో చూడాలి.
3. ఫిల్టర్‌ని హాక్సా బ్లేడుతో కొయ్యకండి, దాని ఇనుప పొడే లోపల పడి మోసం చేస్తుంది. ఫిల్టర్ కట్టర్ వాడండి.
4. ముక్కలు తెల్లగుడ్డ మీద పరవండి. అయస్కాంతానికి అంటితే ఇనుము, గేర్లదో బేరింగులదో. పసుపు మెరుపు ఇత్తడి, కంచు బుష్‌లది. అంటని తెల్లటి పొడి అల్యూమినియం, టార్క్ కన్వర్టర్ వైపు చూడాలి. నల్లటి పేళ్లు క్లచ్ ప్లేట్లవి.
5. వేడి ఆయిల్ చెయ్యి కాలుస్తుంది. ఇంజిన్ ఆపి, బకెట్ నేలకి దించి, చక్రాలకి అడ్డం పెట్టాకే కిందకి దూరండి.

ఫిల్టర్ విప్పనివ్వని ఓనర్‌కి బయానా ఇవ్వకండి. ఒక ఫిల్టర్, నాలుగు డబ్బాల ఆయిల్ ఖర్చు మనమే పెట్టుకుంటామన్నా వద్దంటున్నాడంటే, ఆ బండికి బేరమాడక్కర్లేదు.